రెండో శనివారం

ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు గానీ, మా ఇంట్లో వీకెండ్ అనేది నెలకు ఒక్కసారే వచ్చేది. బాపు రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆదివారం ఒక్కటే సెలవు. రెండో శనివారం కలిస్తేనే వరసగా రెండు రోజులు ఇంటి పట్టున ఉండేవాడు. మేడ మీద పోర్షన్‌లో ఉండే ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు అంకుల్‌కి మాత్రం ప్రతి శనివారం సెలవే. కేంద్ర ప్రభుత్వం వాళ్ళకి 1985 నుంచే వారానికి ఐదు రోజుల పని. ఆయన లుంగీ మీద బాల్కనీలో నిలబడి పేపర్ చదువుతుంటే, కింద బాపు టిఫిన్ డబ్బా స్కూటర్ డిక్కీలో పెట్టుకుంటూ పైకి ఒక చూపు చూసేవాడు. ఆ చూపు సంగతి అమ్మకు బాగా తెలుసు. "మనకూ వస్తది లే, వచ్చే వారమే గద" అని సాగనంపేది.

ఇది 1991, 92 నాటి ముచ్చట. విద్యానగర్‌లో రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న కింది పోర్షన్ మాది. జనగామ నుంచి పట్నం వచ్చేటప్పుడు మావాళ్ళు వెంట తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక నవారు మంచం, గిన్నెల మూట. కొత్తగా కొన్నదని చెప్పుకోవడానికి ఉన్నది గోద్రెజ్ బీరువా ఒక్కటే, అది కూడా అమ్మమ్మ కొనిచ్చింది. మిగతా సామానంతా అంతకుముందు ఇంకెవరింట్లోనో ఇంకేదో పని చేసి రిటైరై వచ్చిందే. తలుపు బల్ల అయ్యింది. బల్ల చెక్కలు గూట్లో అరలయ్యాయి. ఇనుప మంచం తలవైపు చట్రం పెరట్లో బీరతీగకు పందిరయ్యింది. మా ఇంట్లో ఏ వస్తువూ చివరిదాకా అదే వస్తువుగా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

శనివారం పొద్దున అన్నీ చిల్లర పనులు. అమ్మ నెలంతా క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి పెట్టేది. గిర్ని, కుక్కర్ గ్యాస్కెట్, రేషన్ చక్కెర, స్కూటర్ క్లచ్ వైరు, చెప్పులకు కుట్లు, తమ్ముడి కటింగ్. బాపు ఆ క్యాలెండర్‌ను తిప్పి పట్టుకుని, ఏది ముందు ఏది వెనక అని నంబర్లు వేసేవాడు. ఆఫీసులో ఫైళ్ళకు అలవాటు పడ్డ చెయ్యి కదా, ఒక్కో పని అయిపోతే దాని పక్కన చిన్న సంతకం కూడా పెట్టేవాడు.

గిర్నికి మాత్రం ఎప్పుడూ పొద్దున్నే పోవాలి. ఆలస్యమైతే ఎవరో ఒకరు మిరపకాయలు పట్టించేస్తారు, ఆ తర్వాత పోసిన గోధుమపిండిలో ఘాటు వస్తుంది. అమ్మ గిర్ని గడప దగ్గరే ఆగి, ముక్కు ఎగబీల్చి, "కారం పట్టినవా అన్నా?" అని అడిగేది. "లేదక్కా, నీదే ఫస్టు" అనేవాడాయన, కనుబొమ్మల దాకా పిండి పూసుకుని. ఆయన మాట మీద అమ్మకు అంత నమ్మకం ఉండేది కాదు. దోసెడు గోధుమలు పోయించి, వచ్చిన పిండి వాసన చూశాకే డబ్బా మొత్తం ఇచ్చేది. అక్కడి నుంచి నల్లకుంట మార్కెట్‌లో కూరగాయలు. ఎండ ముదరక ముందే ఇల్లు.

నవారు బిగించడం కూడా రెండో శనివారం పనే. నెలంతా పడుకునేసరికి మంచం మధ్యలో గుంట పడేది. బాపు కాలు పట్టెకు అదిమి ఒక్కో పట్టీ లాగుతుంటే, అమ్మ అవతల నుంచి సర్దుకుంటూ వచ్చేది. అయిపోగానే ఎగిరి దూకి టెస్టు చేయడం నా వంతు, తమ్ముడి వంతు. ఎండాకాలం ముందు ఒకసారి దూది ఏకే ఆయన వచ్చి డాబా మీద పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి పోయేవాడు. ఆ ధనుస్సు తీగ చప్పుడు వింటే పిల్లలం ఎవ్వరం కింద ఉండేవాళ్ళం కాదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఉస్మాన్‌గంజ్ ప్రయాణం. ఉస్మాన్‌గంజ్, ఫీల్‌ఖానా దిక్కు హార్డ్‌వేర్ దుకాణాల్లో మేకులు తూకానికి దొరుకుతాయి. విద్యానగర్‌లో దొరకవా అంటే దొరుకుతాయి. కానీ అక్కడ రూపాయి తక్కువ, పైగా బాపుకు ఆ గల్లీలంటే పిచ్చి. బందులు, గడియలు, స్క్రూలు గోనెసంచుల నిండా పోసి ఉంటే ఆయన ఒక్కో సంచిలో చెయ్యి పెట్టి చూసుకుంటూ నడిచేవాడు. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. అమ్మ మాత్రం సూటిగా పాలిష్ సామాన్ల దుకాణం ముందు ఆగేది. ఉప్పుకాగితం గరుకుది రెండు, నున్నది రెండు. ఒక సీసా స్పిరిట్. పావుకిలో చపడా. చపడా అంటే లక్క, ఎండిన ఉల్లిపొట్టులాగా పల్చగా, ఎర్రటి పసుపు రంగులో ఉంటుంది. అమ్మ ఒక రేకు తీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూసేది. మట్టి కనిపిస్తే "వేరే సంచిది తియ్యి" అనేది. దుకాణమాయన "యే అమ్మా, నువ్వు పాలిష్ మేస్త్రివా?" అని నవ్వితే, అమ్మ నవ్వేది కాదు.

తిరుగు దారిలో మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ గడియారం కింద ఐస్‌క్రీమ్ తినకుండా రెండో శనివారం పూర్తి కాదు. సీతాఫలం రోజులైతే సీతాఫలం ఐస్‌క్రీమే. ఉస్మాన్‌గంజ్‌లో మిగిలిన రూపాయి ఇక్కడ నాలుగింతలై పోయేది. ఆ లెక్క మాత్రం ఇంట్లో ఎవరూ తీసేవారు కాదు.

ఆదివారం ఎర్రగడ్డ సంత. నిజానికి పాత సామాన్లకు పేరున్నది జుమ్మెరాత్ బజార్. బాపుకు అక్కడికి పోవాలని ఎంతో కోరిక, కానీ అది గురువారం, ఆఫీసు రోజు. దానికోసం సీఎల్ పెట్టడానికి మనసొప్పేది కాదు. అందుకని మాకు ఎర్రగడ్డే దిక్కు. తమ్ముణ్ని మేడ మీది ఆంటీ దగ్గర వదిలి, ముగ్గురం తెల్లారక ముందే చేతక్ స్కూటర్ మీద బయలుదేరేవాళ్ళం. నేను ముందు నిలబడేదాన్ని. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే బాపు స్కూటర్ స్లో చేసేవాడు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని పడవ మీద తీసుకుపోతుంటే సాగర్‌లో మునిగిపోయింది, మనుషులు కూడా పోయారు. అప్పటికి విగ్రహం ఇంకా నీళ్ళ అడుగునే ఉంది. "అగో, అక్కడ పండుకున్నడు" అని బాపు వేలు చూపిస్తే నేను నీళ్ళల్లోకి కళ్ళు చిట్లించి చూసేదాన్ని. 92 డిసెంబర్‌లో లేచి నిలబడ్డాక కూడా, అటు పోయినప్పుడల్లా నా చూపు ముందు నీళ్ళ మీదికే పోయేది.

ఎర్రగడ్డలో రోడ్డు పక్కన పొడుగునా సామాను పరిచి ఉండేది. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు, స్క్రూడ్రైవర్లు, పాన్నాలు, ఒంటి చెప్పులు, గంట కొట్టని గడియారాలు, ఎవరి పెళ్ళిలోదో తెలియని ఫోటో ఫ్రేములు. ఏది అడిగినా "నిజాం కాలంది సాబ్" అనేవాళ్ళు. ఒకసారి ఒకాయన ఊగిసలాడే కుర్చీని అలాగే అమ్మబోతే బాపు దాని మీద కూర్చుని, రెండుసార్లు అటూ ఇటూ ఊగి, "నిజాం ఇట్లనే ఊగుకుంట కూసున్నడా భాయ్?" అని అడిగాడు. ఆయన పడీపడీ నవ్వి పది రూపాయలు తగ్గించాడు. కుర్చీ మేం కొనలేదు, అది వేరే సంగతి.

బేరం బాపుది, కట్టె చూడటం అమ్మది. ఆయన పైకి కనిపించే అందం చూసేవాడు. ఆమె ముందు వస్తువును బోర్లా తిప్పేది. రంగు వెయ్యని అడుగు భాగంలోనే కట్టె అసలు గుణం తెలుస్తుందనేది. చెదల మట్టి గీతలున్నాయా, పురుగు తొలిచిన సన్నటి బెజ్జాలున్నాయా చూసేది. బెజ్జాలుంటే చేత్తో తట్టి చూసేది. పొడి రాలకపోతే పాతవి, పురుగు ఎప్పుడో పోయింది. తెల్లటి పొడి రాలితే మాత్రం "వద్దు, ఇంట్ల ఉన్నవాటికి కూడ అంటుతది" అని లేచిపోయేది. ఆఖరున చీర పిన్నీసుతో ఒక మూల చిన్నగా గీకి వాసన చూసేది. టేకు వాసన పాతబడ్డా పోదు, కొంచెం నూనె, కొంచెం తోలు కలిసిన వాసన. మామిడి చెక్కకు ఎంత రంగు వేసి టేకు అని అమ్మినా ఆ వాసన రాదు.

అట్లా దొరికిందే మా తలుపు. ఏ పెంకుటింటిదో, రెండు వెడల్పు పలకలు జోడించిన ఒంటి రెక్క. పైన ఆకుపచ్చ పెయింటు పెచ్చులూడుతోంది, గడియ ఉన్న చోట బొక్క. బాపు మొహం చిట్లించాడు. అమ్మ పిన్నీసుతో గీకి, బాపు ముక్కు దగ్గర పెట్టింది. ఇక బేరం మొదలైంది. మూడు వందలు చెప్పాడు, నూట నలభైకి తెగింది. అదే వరసలో ఇంకో చోట తల లేని కుట్టుమిషన్ స్టాండు, తొక్కుడు పలక, చక్రంతో సహా. దానికి అరవై. ఈ రెండూ కలిపితే ఏమవుతుందో నాకు తప్ప వాళ్ళిద్దరికీ వెంటనే అర్థమైపోయింది.

ట్రాలీ ఆటో మాట్లాడారు. తలుపు జారిపోతుందేమోనని అమ్మ వెనక దాని మీదే కూర్చుంది. స్కూటర్ మీద బాపు, నేను వెంట వెంట. అమీర్‌పేట, పంజాగుట్ట చౌరస్తాల్లో బండ్లు ఆగినప్పుడల్లా జనం అమ్మను చూసేవాళ్ళు. అమ్మ కొంగు బిగించుకుని, గంజి పెట్టిన చీరతో, ఆకుపచ్చ తలుపు మీద తలెత్తుకుని కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయింది నేను. నాకు పదేళ్ళు, క్లాస్‌మేట్స్ ఎవరైనా చూస్తారేమోనని బాపు హ్యాండిల్ కిందికి తల వంచేశాను.

ఆ తలుపుకు ఉన్న పెయింటు తీయడానికే ఒక ఆదివారం సాయంత్రం పోయింది. ముందు అమ్మ లప్పం పట్టే రేకుతో పెచ్చులు గీకింది. ఆకుపచ్చ కింద నీలం వచ్చింది, నీలం కింద ఎర్రటి జాజు రంగు. ఆ పాత రంగుల్లో సీసం ఉంటుందని, ముక్కుకు మాస్కు లేకుండా గీకొద్దని ఇప్పుడు చెబుతున్నారు. అప్పట్లో అమ్మ కొంగే మాస్కు. తర్వాత గాజు పెంకు. పగిలిన కిటికీ అద్దం ముక్క అంచును రెండు చేతుల మధ్య గుడ్డతో పట్టుకుని, కొంచెం వంచి, తన వైపు లాగితే సన్నటి పొర చుట్టలు చుట్టుకుంటూ లేచి వచ్చేది. ఉప్పుకాగితానికి అంత నున్నగా రాదు. అంచు మొండైతే ఇంకో ముక్క. ఆ పెంకు ముక్కలున్న డబ్బా మేం ముట్టకుండా అటక మీద ఉండేది. పెంకు పని అయ్యాక ఉప్పుకాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, కట్టె గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా ఒక్కసారి రుద్దినా ఆ గీత పాలిష్ తర్వాత బయటపడి జన్మంతా కనిపిస్తుంది. గడియ బొక్కలో టేకు ముక్క గుండ్రంగా చెక్కి ఫెవికాల్ పెట్టి దిగగొట్టింది బాపు. సన్న సందులకు సుద్దపొడిలో చిటికెడు జాజు కలిపిన లప్పం. అదీ చూసి చూసి పెట్టాలి, ఎక్కువైతే మచ్చ కడుతుంది.

ఇవన్నీ అమ్మకు ఎవరు నేర్పారంటే, ఓనర్ వాళ్ళింటికి పాలిష్ పనికి వచ్చిన ఒక ముసలి చాచా. ఆయనకు పూట పూటకూ చాయ్ ఇచ్చే సాకుతో అమ్మ అక్కడే నిలబడి చూసేదట. చాచా దాచుకోలేదు. చపడాను రాత్రే స్పిరిట్‌లో నానబెట్టాలి, పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టాలి. దూది ఉండను పాత మల్లుపంచె ముక్కలో చుట్టి, దాన్ని పాలిష్‌లో ముంచి పిండాలి. జిగటగా పట్టుకోకుండా ఒక్క చుక్క నూనె. అన్నిటికన్నా ముఖ్యం, చెక్క మీద చెయ్యి ఆగొద్దు. "రుకో మత్ బేటీ, ఎల్లిపోతుండాలె" అనేవాడట. ఆగిన చోట స్పిరిట్ కింది పొరను కరిగించి గుడ్డ అంటుకుపోతుంది, అక్కడ ముద్ర పడుతుంది. స్పిరిట్ నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి పల్చగా ఒకదాని మీద ఒకటి ఎన్ని పూతలైనా వేసుకోవచ్చు. మొదటి రెండు పూతలకు ఏమీ కనిపించదు. తర్వాత ఉన్నట్టుండి కట్టె లోపలి నుంచి రంగు పైకి వస్తుంది. పెరట్లో నీడకు పెట్టిన ఆ తలుపు మీద జామచెట్టు ఆకులు కనపడటం మొదలయ్యేసరికి, పైన బాల్కనీలోంచి ఏజీ ఆఫీసు అంకుల్ పేపర్ మడిచి కిందికి దిగి వచ్చాడు.

వానాకాలం మాత్రం పాలిష్ బంద్. గాలిలో తేమ ఉంటే పూత తెల్లగా బూజు పట్టినట్టు అయిపోతుంది. ఆ రెండో శనివారాల్లో రుద్దుడు పనులే. ఇంకో నియమం, పాలిష్ చేసిన బల్ల మీద వేడి గిన్నె పెట్టకూడదు, తెల్లటి వలయం పడుతుంది. మా ఇంట్లో దెయ్యం కన్నా ఆ వలయానికి ఎక్కువ భయపడేవాళ్ళం.

బల్ల తయారైంది. కింద నల్ల పెయింటు వేసిన మిషన్ స్టాండు, పైన ఎర్రటి టేకు. నేను హోంవర్క్ చేస్తూ కాళ్ళతో తొక్కుడు పలక ఊపుతుంటే చక్రం తిరుగుతూ ఉండేది. ఆ నెలలోనే జనగామ నుంచి పెద్దబాపు వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, "తమ్మీ, నీ చేతుల పనుంది రా" అన్నాడు. బాపు కాదనలేదు, అవుననలేదు. వంటింట్లో మాత్రం గిన్నెల చప్పుడు పెరిగింది.

పెద్దబాపు పోయాక అమ్మ ఏమీ అనలేదు. బాపు లెక్కల నోట్‌బుక్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. తలుపు 140, స్టాండు 60, ట్రాలీ 50, స్పిరిట్, చపడా, ఉప్పుకాగితం, మేకులు అన్నీ కలిపి 45, కూలి 0. "ఆ సున్నా నాదేనా?" అని అడిగింది. బాపు నోరు తెరిచి మూసుకున్నాడు. పెన్ను తీసి సున్నా ముందు 4 వేశాడు. అమ్మ చెయ్యి చాపింది. ఆయన రాయడం వరకే అనుకున్నాడు, పాపం. ఆ నలభై రూపాయలతో సుల్తాన్‌బజార్ పోయి గాజులు కొనుక్కుంది, నాకు రిబ్బన్లు. అప్పటి నుంచి ఏ వస్తువు తయారైనా నోట్‌బుక్‌లో కూలి పడాల్సిందే, చేతిలో పడాల్సిందే. కుర్చీకి పదిహేను, స్టూలుకు పది. బేరం ఆడబోతే "నిజాం కాలం రేట్లు నడువవు" అనేది. ఆ తర్వాత చుట్టాలు ఎవరు బల్ల మెచ్చుకున్నా బాపు తొందర తొందరగా "ఆమె చేసింది, పైసలు తీస్కొని చేసింది" అని చెప్పేవాడు. రెండో ముక్క అమ్మకు కోపం తెప్పించడానికి.

ఆ బల్ల ఇప్పుడు మియాపూర్‌లో మా ఫ్లాట్‌లో ఉంది. నా కూతురు దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాళ్ళతో పలక ఊపుతూ ఆఫీసు కాల్స్ మాట్లాడుతుంది. వారం వారం రెండు రోజుల సెలవు దానికి. మొన్న ఫోన్‌లో ఏదో వీడియో చూసి, బల్లకు తెల్ల పెయింటు వేద్దాం, అంచులు కొంచెం గీకితే పాతకాలం లుక్ వస్తుంది అంది. పక్క గదిలో ఉన్న అమ్మకు చెవులు సరిగా వినిపించవు, ఇది మాత్రం వినిపించింది. "మూడు రంగులు గీకి తీసిన నేను. మళ్ళ రంగేసి, మళ్ళ గీకుతదా?" దానికి జవాబు నా దగ్గరా లేదు, దాని దగ్గరా లేదు. రాజీకి వచ్చి, కావాలంటే స్టాండుకు ఏ రంగైనా వేసుకో, పైన ముట్టొద్దు అని తేల్చారు. స్టాండు ఇప్పుడు ఆవపువ్వు పసుపు. బాగానే ఉంది, అమ్మ ముందు అనను గానీ.

ఆ ఊపులో పోయిన ఆదివారం ముగ్గురం మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగాం. 2017లో ఈ లైను మొదలైనప్పటి నుంచి మాకు నేరుగా బండి. సంత మెట్రో పిల్లర్ల కింద అట్లాగే సాగుతోంది. పాత చార్జర్లు, కీబోర్డులు ఎక్కువయ్యాయి, కట్టె సామాను తగ్గింది. నా కూతురు ఒక పొట్టి పీట కాళ్ళ స్టూల్ చూసి ఫోన్ తీసి స్కాన్ చేయబోయింది. అమ్మ దాని చెయ్యి ఆపి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, స్టూల్‌ను బోర్లా తిప్పింది. పిన్నీసు తీసింది. గీకి, మనవరాలి ముక్కు దగ్గర పెట్టింది. అమ్మేవాడు కుర్రాడు, "టేకే అమ్మా, నిజాం కాలంది" అన్నాడు. ఇంట్లో ఉన్న బాపుకు వీడియో కాల్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఎంత చెప్పిండు? సగం అడిగిన్రా?"

సగానికి రాలేదు, ఏడు వందలకు వచ్చింది. వానలు కాబట్టి పాలిష్ ఇప్పుడే కుదరదు, చపడా మాత్రం తెప్పించి పెట్టాం. రుద్దుడు మొదలుపెడదామంటే గాజు పెంకు కావాలి. మా ఫ్లాట్‌లో వెతికితే సీసాలన్నీ ప్లాస్టిక్, కిటికీలకు టఫెన్డ్ గ్లాస్, పగిలినా గోధుమనూకంత ముక్కలవుతుందట. చివరికి కింద అద్దాల షాపులో అడిగితే ఆయన కోతలో మిగిలిన సన్న ముక్కలు ఒక అట్టపెట్టెలో వేసి ఊరికే ఇచ్చాడు. దేనికని అడిగాడు. చెప్పాను. మా ఇంట్లో కూడా ఒక పాత మంచం ఉంది మేడమ్, మీ అమ్మగారు చేస్తారా, కూలి ఎంత తీసుకుంటారు అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, కొలతలు తెమ్మంది.